నీళ్ల చదువు చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. 2021 నవంబర్ వరదలు చూసినప్పటి నుంచి వాగులు, చెరువుల మీదే ధ్యాస. అగ్రికల్చరల్ ఇంజినీరింగో, సివిలో చేస్తానంటోంది. ఎండలో తిరిగే పని ఆడపిల్లకెందుకని బంధువుల మాట. అప్పు చేసైనా సీఎస్ఈ ఏఐలో మేనేజ్‌మెంట్ సీటు తీసుకుందామని నా ఆలోచన. తర్వాత కావాలంటే కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసే జీఐఎస్ కోర్సు మూడు నెలల్లో చేసుకోవచ్చు కదా? ఏది మేలు?

జవాబు: కోర్సుల కంటే బంధువుల మాటే మిమ్మల్ని ఎక్కువ భయపెడుతోంది. ఈ టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామంది. భయం సహజమే. కానీ అప్పు చేసి మరీ, పిల్ల వద్దంటున్న చదువు కొనివ్వడం ఏం న్యాయమండీ? బంధువులు ఆ వడ్డీ కడతారా?

ఇక జీఐఎస్ కోర్సు. దీని మీద నాకు చాలా అనుమానాలున్నాయి. ఆ మ్యాపులు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఉపగ్రహం ఇచ్చే ఎత్తుల డేటా కూడా ఉచితమే. నాలుగు బటన్లు నొక్కితే వాగు పరీవాహక ప్రాంతం, అంటే వాన నీళ్లు ఆ వాగులోకి చేరే నేలంతా, మ్యాప్‌గా వచ్చేస్తుంది. అది తప్పో ఒప్పో చెప్పడమే అసలు పని. ఆ డేటా నేలను 30 మీటర్ల గడులుగా విడగొట్టి గడికో ఎత్తు ఇస్తే, ఒక్కో గడి అంటే దాదాపు 22 సెంట్ల నేల. చిన్న వంక అందులో కనిపించకుండా పోతుంది. రోడ్డు కట్ట కిందున్న కల్వర్టు పైనుంచి కనిపించదు కాబట్టి కంప్యూటర్ వాగును పక్కకు తిప్పి గీస్తుంది. పోయి చూసినవాళ్లే దాన్ని పట్టుకోగలరు.

మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్నది ఇదే. విస్తీర్ణం ఒకటే అయినా, గుండ్రటి పరీవాహక ప్రాంతంలో పాయలన్నీ ఒకేసారి కలిసి వరద ఒక్కసారిగా ఎత్తుకుంటుంది. పొడవాటి దాంట్లో నీళ్లు ఒకదాని వెనుక ఒకటిగా వస్తాయి. శేషాచలం లాంటి నిటారు రాతివాలు మీద వాన ఇంకే సమయమే ఉండదు, నేరుగా కిందికి దూకుతుంది. వాలు, మట్టి, పాయల తీరు చూసుకున్నాకే చెక్‌డ్యామ్ ఎక్కడ కట్టాలో తేలుతుంది. కొండవాలు మీద ముందు కందకాలు తవ్వకుండా కింద చెక్‌డ్యామ్ కడితే అది ఒండ్రుతో పూడిపోతుంది, పైన నేల కోత ఆగదు. 2021లో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు నీళ్లు ఊరుతుంటే కింది పల్లెలను ఖాళీ చేయించారు. అలాంటప్పుడు ఎంత నీరు ఎప్పటికి వస్తుందో లెక్కగట్టగలిగేవాళ్లు కావాలి. అందులో ఆడా మగా తేడా లేదు.

రెండింట్లో ఏదంటే, సివిల్‌కు అవకాశాలు విస్తారం. నేలనూ నీటినీ కలిపి నేర్పేది అగ్రికల్చరల్ ఇంజినీరింగ్. బాపట్లలో, మడకశిరలో కాలేజీలున్నాయి, ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో విడిగా పేపర్ కూడా ఉంది. ఆమె చెప్పినదాన్ని బట్టి నా ఓటు దీనికే. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ అంత రాకపోవచ్చు, ప్రభుత్వ నోటిఫికేషన్లు ఏటా రావు. అయినా నీటిపారుదల, వాటర్‌షెడ్ (పరీవాహక ప్రాంత అభివృద్ధి) పనులు, కన్సల్టెన్సీలు, పరిశోధన ఉన్నాయి. పిల్ల ఖాళీగా కూర్చునే చదువు కాదిది, నిబ్బరంగా ఉండండి.

మేనేజ్‌మెంట్ సీటుకు అడ్వాన్స్ మాత్రం ఇప్పుడు కట్టకండి. కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు ఆమెనే పెట్టుకోనివ్వండి.