బుజ్జీ, ఇరవై పుస్తకాల లిస్టు మాత్రం ఇవ్వను

బుజ్జీ,

నిన్న నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను, ఫిలాసఫీ పాలిటిక్స్ ఎకనామిక్స్ మూడూ మొదట్నించీ చదవాలి మావయ్యా, ఒక ఇరవై పుస్తకాల లిస్టు పంపు అన్నావు. పంపను. లిస్టు చేతికొస్తే సగం చదివేసినట్టే అనిపించి అక్కడితో ఆగిపోతాం, నా అనుభవమే చెప్తున్నా. పోర్టులో చేరిన కొత్తలో బెర్ట్రాండ్ రస్సెల్ రాసిన పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్ర కొన్నాను, ఎనిమిది వందల పేజీల పైమాటే, గ్రీకులు దాటి ఇవతలికి రాలేదు. మీ అత్త ఇప్పటికీ దాన్ని గంజిపెట్టిన చీరల మీద బరువుకి వాడుతోంది. మన ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 36 దాకా వైస్ ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారి ఇండియన్ ఫిలాసఫీ రెండు వాల్యూములూ అంతే, గొప్పవే కానీ వాటితో మొదలెట్టకు.

ముందు మైకేల్ శాండెల్ రాసిన జస్టిస్ పట్టుకో, 2009లో వచ్చింది. ఎందుకంటావా, హుద్‌హుద్ తుఫాను గుర్తుందా, 2014 అక్టోబర్ 12, నువ్వు చిన్నపిల్లవి. కరెంటు లేదు, నీళ్ళు లేవు, మర్నాడు మా వీధి చివర కొట్లో ఇరవై రూపాయల పాల ప్యాకెట్ యాభై అన్నాడు. నా ముందున్నావిడ చంటిపిల్లని చంకనేసుకుని మారుమాట లేకుండా ఇచ్చేసింది, నాకు ఒళ్ళు మండి గొడవేసుకున్నాను. వాడేమో రోడ్లన్నీ చెట్లు పడిపోయాయి అంకుల్, సైకిల్ నడిపించుకుంటూ అంత దూరం నుంచి తెచ్చాను, రేపు కూడా తేవాలా వద్దా మీరే చెప్పండి అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఈ పుస్తకం మొదలయ్యేదే ఇలాంటి గొడవతో, 2004లో ఫ్లోరిడాలో ఛార్లీ తుఫాను వచ్చాక రెండు డాలర్ల ఐస్ బ్యాగు పది డాలర్లకి అమ్మారు. రేటు పెరిగితేనే సరుకు వస్తుందా అంటే ఎకనామిక్స్, రేటు మీద కట్టడి పెట్టే అధికారం ఎవరిది అంటే పాలిటిక్స్, అసలది తప్పా, తప్పయితే ఎందుకు తప్పు అంటే ఫిలాసఫీ. శాండెల్ హార్వర్డ్‌లో చెప్పిన క్లాసులు యూట్యూబ్‌లో ఫ్రీ, ఇంగ్లీష్ కష్టమనిపిస్తే ముందు అవి చూడు.

ఆ తర్వాత థామస్ నేగెల్ చిన్న పుస్తకం ఉంది, వాట్ డజ్ ఇట్ ఆల్ మీన్, 1987ది, వంద పేజీలుంటుందేమో అంతే. పెద్దపెద్ద పేర్లతో భయపెట్టడు, తొమ్మిది ప్రశ్నలు వేసి వదిలేస్తాడు. క్యాంటీన్‌లో పీచ్ పండు మానేసి కేక్ తీసుకున్నావు, పండు తీసుకుని ఉండగలిగేదానివేనా అని అడుగుతాడు చూడు, మూడ్రోజులు నిద్ర పట్టలేదు నాకు.

ఎకనామిక్స్‌కి హా జూన్ ఛాంగ్, కొరియా ఆయన, 2014లో ఎకనామిక్స్: ద యూజర్స్ గైడ్ రాశాడు. ఎకనామిక్స్ అంటే ఒక్కటే మాట కాదని తొమ్మిది రకాల ఆలోచనలు పక్కపక్కన పెట్టి చూపిస్తాడు, టీవీలో ఎవడైనా లెక్కలు చెప్తుంటే వీడు ఏ గుంపువాడో పోల్చుకోవడం వస్తుంది. ఆయనకీ ఒక పక్షం ఉంది, అది కూడా గమనించు.

పాలిటిక్స్‌కి మాత్రం బయటెక్కడో వెతక్కు. అంబేడ్కర్ కుల నిర్మూలన, 1936. లాహోర్‌లో చదవాల్సిన ప్రసంగం, ముందే చూసిన నిర్వాహకులు జంకి సభే రద్దు చేస్తే ఆయన సొంత డబ్బుతో అచ్చేయించాడు. తెలుగులో దొరుకుతుంది. గాంధీ గారి విమర్శా, దానికి అంబేడ్కర్ జవాబూ ఉన్న ప్రతి చూసి తీసుకో, అది లేకపోతే సగం మజా పోయినట్టే.

ఒక్కటి అయ్యాకే రెండోది, అన్నీ ఒకేసారి ఆర్డర్ పెట్టకు. ముందు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో అడిగి చూడు. చదివేటప్పుడు ఒప్పుకోలేని చోట పక్కనే పెన్సిల్‌తో ఎందుకో రాసుకో, లైబ్రరీ పుస్తకమైతే నోట్‌బుక్‌లో.

జస్టిస్ నా దగ్గరుంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. ముప్ఫయ్యో పేజీ దగ్గర ఆ కొట్టువాడికి నేను రాసిన జవాబు ఉంటుంది, రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను, నవ్వకు.

మీ మావయ్య