టెక్ సందేహాలు: ఫోన్ ఉండగా మళ్ళీ క్యాలిక్యులేటర్ ఎందుకు?

ప్రశ్న: మాది పలాస, జీడిపప్పు వ్యాపారం. కౌంటర్ మీది పాత క్యాలిక్యులేటర్ పాడైపోయింది, కొత్తది కొందామంటే మా అబ్బాయి "ఏటి నాన్నా, ఫోన్లో ఉంది కదా" అంటన్నాడు. పైగా 2 + 3 × 4 కొట్టి చూపించాడు, ఫోన్లో 14 వచ్చింది, పక్క షాపు మిషన్లో 20 వచ్చింది. మిషన్ తప్పంటాడు. నిజమేనా?

జవాబు: తప్పేం కాదండి. ఫోన్ మీరు మొత్తం కొట్టేదాకా ఆగి, బళ్ళో చెప్పిన రూలు ప్రకారం ముందు హెచ్చవేత చేసి తర్వాత కూడుతుంది, అందుకని 14. షాపు మిషన్ ఆగదు, మీరు × నొక్కగానే అప్పటిదాకా ఉన్న 2 + 3ని 5 చేసేసి దాన్ని 4తో హెచ్చిస్తుంది, అందుకని 20. కౌంటర్లో లెక్క కూడా అలాగే నడుస్తుంది కదా, సరుకు ఒక్కోటీ వస్తుంటే ఒక్కోటీ కలుపుకుంటూ పోవడమే.

మరి రెండు రకాల పప్పు, రెండు రేట్లు ఉంటే? దానికే ఎం ప్లస్ (M+) బటన్ పెట్టారు, వచ్చిన లెక్కని మెమరీలో కలిపి దాస్తుంది, చాలామంది ఏళ్ళ తరబడి దాని జోలికే పోరు. 2 × 850 కొట్టి ఎం ప్లస్, 3 × 720 కొట్టి ఎం ప్లస్, ఆఖర్న ఎంఆర్‌సీ (MRC, దాచిన మొత్తం చూపించే బటన్) నొక్కితే 3860 వస్తుంది. ఎంఆర్‌సీ రెండోసారి నొక్కితే మెమరీ ఖాళీ. స్క్రీన్ మూల ఎం అని కనబడుతుంటే వెనకటి బేరం లెక్క ఇంకా లోపలే ఉన్నట్టు, అది చూడకుండా మొదలెడితే గొడవే.

ఫోన్‌తో అసలు చిక్కు వేరే ఉంది, లెక్క మధ్యలో కాల్ వస్తుంది, డబ్బులు పడ్డాయో లేదో చూడాలి, లాక్ పడుతుంది, కొనేవాడేమో ఎదురుగా నిలబడి ఉంటాడు. క్యాలిక్యులేటర్‌కి వేరే పనే లేదు. 5 మీద చిన్న బొడిపె ఉంటుంది, అలవాటైన వేలు చూడకుండానే కొట్టేస్తుంది, అద్దం మీద ఆ సుఖం లేదు. అన్నట్టు 2010లో వచ్చిన ఐప్యాడ్‌కి యాపిల్ వాళ్ళు 2024 దాకా క్యాలిక్యులేటరే ఇవ్వలేదు, మీ అబ్బాయికి చెప్పండి!

కరెంటు సంగతీ ఉంది. 1973లో షార్ప్ కంపెనీ ఎల్‌సీడీ తెరతో ఈఎల్-805 తెచ్చింది, అంతకు ముందు వెలిగే అంకెలు బ్యాటరీని తినేసేవి, ఇది ఒక్క పెన్సిల్ సెల్లుతో 100 గంటలు నడిచింది. ఆ తెరకి లోపల లైటు ఉండదు, బయటి వెలుతురుతోనే కనబడుతుంది, అందుకే ఎండలో ఇంకా బాగా కనబడుతుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ వైపు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్ చార్జింగే గగనం, ఇలాంటి డబ్బాకి ఆ బాధ లేదు.

కొనేటప్పుడు 12 అంకెలు, చెక్ బటన్ ఉన్నది తీసుకోండి. కొట్టిన లెక్క మళ్ళీ ఒక్కో స్టెప్పు చూపిస్తుంది, పొడుగు బిల్లులో ఒక సున్నా ఎక్కువ పడితే దొరికిపోతుంది. దీంట్లో మాత్రం బేరం చూసుకోవద్దు.

ప్రశ్న: విజయనగరం గంటస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపు మాది. 100 + 5 % కొడితే 105 రావాలి కదా, 105.263 వస్తోంది. మిషన్ పోయిందా?

జవాబు: పోలేదు. క్యాసియో మోడళ్ళు కొన్నిట్లో అంతే. అది 5 శాతాన్ని 100 మీద వెయ్యదు, అమ్మకం ధరలో 5 శాతం లాభం ఉండాలంటే ఎంతకి అమ్మాలో చెప్తుంది, అంటే 100ని 0.95తో భాగిస్తుంది. మీకు 105 కావాలంటే 100 × 1.05 కొట్టండి, ఏ మిషన్లోనైనా ఒకటే వస్తుంది. జీఎస్టీ కలిపిన ధరలోంచి పన్ను తియ్యాలన్నా ఇదే జాగ్రత్త, 1180లోంచి 18 శాతం తీసేస్తే 967.60 వస్తుంది, అది తప్పు, 1180ని 1.18తో భాగిస్తే 1000 వస్తుంది.

ప్రశ్న: సోలార్ అని అమ్మేవి నిజంగా సోలారేనా? (శ్రీకాకుళం నుంచి ఒక స్టూడెంట్)

జవాబు: చవకవాటిల్లో కొన్ని కావు. వెనక స్క్రూ విప్పి బటన్ సెల్లు తీసేసి ఎండలో పెట్టు. అంకెలు రాకపోతే ఆ నల్ల పలక ఉత్త అలంకారమే. సెల్లుతో ఎలాగూ ఏళ్ళు నడుస్తుంది కాబట్టి పారెయ్యక్కర్లేదు, సోలార్ పేరు చెప్పి ఎక్కువడిగితే మాత్రం ఇవ్వకు.