ప్రింట్ వస్తోంది, స్కాన్ మాత్రం కంప్యూటర్‌కి చేరట్లేదా?

మీ బ్రాడీపేట షాపులో ప్రింట్లు బాగానే వస్తున్నాయి, స్కాన్ మాత్రం కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోకి రావట్లేదు, ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లను అడ్డుకునే రక్షణ) ఆపితే వస్తోంది అన్నారు కదండీ. అయితే ప్రింటర్ మిషన్ బాగానే ఉంది, టెన్షన్ పడకండి. ప్రింట్‌కి కంప్యూటరే మిషన్‌ని పిలుస్తుంది. స్కాన్‌కి మిషనే వచ్చి కంప్యూటర్ తలుపు తట్టాలి, ఫైర్‌వాల్ ఆపేది దాన్నే.

విండోస్ సెట్టింగ్స్‌లో మీ వైఫై ప్రొఫైల్ 'పబ్లిక్' అని ఉంటే 'ప్రైవేట్' చేయండి. తర్వాత ఫైర్‌వాల్ అనుమతుల జాబితాలో 'ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్' ఎదురుగా ప్రైవేట్ గడిలో టిక్ పెట్టండి. దాంతో టీసీపీ 445 పోర్టు, అంటే స్కాన్ ఫైల్ కంప్యూటర్‌లోకి వచ్చే దారి, తెరుచుకుంటుంది. పబ్లిక్ గడి జోలికి వెళ్లొద్దు. యాంటీవైరస్‌కి సొంత ఫైర్‌వాల్ ఉంటే అక్కడా అనుమతి ఇవ్వాలి.

ఫైర్‌వాల్ ఆపి ఉంచడం మాత్రం అస్సలు వద్దండీ, జనం ఇచ్చిన ఆధార్ కాపీలన్నీ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి. ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేసి ఒక పేజీ స్కాన్ చేయండి. రాకపోతే మిషన్ స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ ఇక్కడ రాయండి.