పిలిస్తే వస్తానని ఆమె, వస్తే చూద్దామని ఆయన

ప్రశ్న: పెళ్లయి పదకొండేళ్లు. మా ఆయన పొలం పనిలో వంక పెట్టడానికి లేదు, చీకటి పడితే మాత్రం తాగకుండా ఉండలేడు. ఒకరోజు నలుగురి ముందు సీసా లాక్కుని పారబోశాను, పరువు తీశావన్నాడు. పుట్టింటికొచ్చి మూడు నెలలు. ఫోన్ చేస్తాడు, నేనెత్తితే "పిల్లాడికివ్వు" అంటాడు, అంతే. వచ్చి పిలవాలని నా పంతం. మా అక్కేమో తెలియకుండా తిండిలో కలిపే మాత్రలు తెప్పిస్తానంటోంది. కలపమంటారా?

జవాబు: వద్దమ్మా. అలా కలిపేవాటిలో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ ఉండొచ్చు, అది ఒంట్లో ఉండగా మద్యం పడితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం మీదికే వస్తుంది. ఆయనకు తెలిసి, డాక్టర్ రాస్తేనే వాడాలి. "రేపట్నుంచి చుక్క ముట్టనని ఒట్టెయ్యి" అని కూడా పట్టుబట్టకండి. ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు హఠాత్తుగా మానేస్తే చేతులు వణుకుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టర్ కనిపెట్టుకుని ఉండగా మానడమే క్షేమం.

ఇక పంతం. ఆయన చెయ్యి చేసుకుంటాడో లేదో మీరు రాయలేదు. చేసుకుంటే, పిలిచినా వెళ్లకండి. అది లేదంటే పొద్దున్నే, తాగని వేళ మీరే ఫోన్ చేయండి. (ఎవరు ముందు అని లెక్కపెట్టుకుంటూ మూడు నెలలు గడిచాయి కదా, చాలు.) "నలుగురిలో అలా చేయడం నా తప్పే, నీ తాగుడు మాత్రం ఒప్పుకోను, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అనండి. ఆయన కాదన్నా మీకంటూ తోడు వెతుక్కోండి, తాగేవాళ్ల కుటుంబాల కోసమే 1951లో మొదలైన అల్-అనాన్ లాంటి బృందాలున్నాయి. అన్నట్టు, పిల్లాడి చేతికి ఫోన్ ఇచ్చేముందు మీరూ ఒక మాట "తిన్నావా" అని అడిగి చూడండి.