పవర్ పెంచితే లేజర్ బీమ్ ఎందుకు పాడవుతుంది?

నియోడిమియం-యాగ్ (లేజర్ కాంతిని పుట్టించే క్రిస్టల్) రాడ్‌కి పంపింగ్, అంటే బయటి నుంచి కాంతితో శక్తి ఎక్కించడం, పెంచితే పవర్ వస్తోంది కానీ బీమ్ క్వాలిటీ (బీమ్‌ని ఎంత సన్నగా కేంద్రీకరించగలం అన్నది) పడిపోతోంది, ఏం చేయాలని కదా మీ ప్రశ్న. అసలు దొంగ వేడి. 808 నానోమీటర్ల డయోడ్‌తో పంప్ చేసి 1064 దగ్గర లేజర్ తీస్తే, ప్రతి పంప్ ఫోటాన్ శక్తిలో కనీసం 24 శాతం క్రిస్టల్‌లోనే వేడిగా మిగులుతుంది. రాడ్‌ని చుట్టూ చల్లబరుస్తాం కాబట్టి నడుమ వేడి, అంచుల్లో చల్లదనం. యాగ్ వేడెక్కిన కొద్దీ దాని వక్రీభవన గుణకం పెరుగుతుంది, దాంతో రాడ్ తనే ఒక కుంభాకార కటకం అయి కూర్చుంటుంది. అంతవరకైతే రెజొనేటర్ (కాంతిని క్రిస్టల్ గుండా అటూ ఇటూ తిప్పే అద్దాల అమరిక) డిజైన్‌లో సర్దేయొచ్చు. అసలు తలనొప్పి ఆ కటకం సక్రమంగా ఉండకపోవడం, పైగా వేడి తెచ్చే ఒత్తిడి వల్ల పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిశ) కూడా చెదరడం.

అందుకే ముందు వేడిని పుట్టించడమే తగ్గించండి. యిటర్బియం-యాగ్ అనే మరో క్రిస్టల్‌ని 940 దగ్గర పంప్ చేసి 1030 తీస్తే ఆ నష్టం సుమారు 9 శాతమే. తర్వాత ఆకారం: 100-200 మైక్రాన్ల పలుచని డిస్క్‌ని వెనక ముఖం నుంచి చల్లబరిస్తే వేడి బీమ్ దిశలోనే పోతుంది, కటకం చాలావరకు మాయం. కాకపోతే అంత పలుచని డిస్క్ ఒక్క విడతలో పంప్ కాంతిని కొంచెమే పీల్చుకుంటుంది, అద్దాలతో మళ్లీ మళ్లీ తిప్పి పంపాలి.

రాడ్‌తోనే ఉంటానంటే, మూల మోడ్ (బీమ్ తీసుకునే అతి సాదా, శుభ్రమైన ఆకారం) వెడల్పు పంప్ అయిన భాగానికి దగ్గరగా ఉండాలి. చిన్నదైతే మిగిలిన చోట పై మోడ్‌లు (బీమ్‌ని పాడుచేసే చిక్కు ఆకారాలు) దూరతాయి. ఇంకోటి, తక్కువ పవర్‌లో బీమ్ బాగుందని మురిసిపోవద్దు, రెజొనేటర్‌ని ఫుల్ పవర్‌లో ఉండే కటకానికే డిజైన్ చేయాలి.