బెలూన్‌కి ముందు గొంతులోంచి ఎకో ఎందుకు?

ఛాతీ మీద ఎకో (గుండె అల్ట్రాసౌండ్) అయ్యాక కూడా, మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య తలుపు) సన్నబడిన మీ అమ్మగారిని, దాన్ని బెలూన్‌తో వెడల్పు చేసే ముందు గొంతులోంచి ఎకో కోసం రాయగడ నుంచి విశాఖ రమ్మన్నారు, అది అవసరమా అని కదా అడిగారు. అవసరమే. గుండె పైగది అయిన ఎడమ కర్ణికకు అపెండేజ్ అనే చిన్న సంచి ఉంటుంది. రక్తం గడ్డకట్టేది ఎక్కువగా అందులోనే. ఛాతీ మీంచి అది సరిగా కనపడదు. అన్నవాహిక ఆ కర్ణికకు ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కణ్నించి తేటగా కనిపిస్తుంది. గడ్డ ఉండగా బెలూన్ వేస్తే అది ఊడి మెదడుకు పోవచ్చు. కనిపిస్తే రెండు మూడు నెలలు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్‌తో ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పరీక్ష) 2–3 మధ్య ఉంచి మళ్లీ చూస్తారు.

ఈ పరీక్షకి 2013 అమెరికన్ మార్గదర్శకాల్లో 28 వ్యూలు (చూసే కోణాలు) ఉన్నాయి. ప్రతి రోగికీ అన్నీ తీయక్కర్లేదు గానీ, అపెండేజ్‌ని ఒక్క కోణంలో చూసి వదిలేస్తే మాత్రం అది పరీక్షే కాదు. లోపలి కండపోగులు కూడా గడ్డలాగే కనిపిస్తాయి. ప్రోబ్ (గొంతులోకి దింపే ఎకో గొట్టం) పళ్ల నుంచి 30–40 సెంటీమీటర్ల లోతున ఉంచి, దాని అల్ట్రాసౌండ్ కోణాన్ని 0 నుంచి 135 డిగ్రీల దాకా మారుస్తూ చూడాలి. డాప్లర్‌లో (రక్తం పారే వేగం కొలిచే పద్ధతి) అపెండేజ్‌లోని రక్తవేగం సెకనుకు 20 సెంటీమీటర్లు దాటకపోతే గడ్డ భయం ఎక్కువ.

అన్నవాహికకు చిల్లుపడటం వెయ్యిలో ఒకరికన్నా తక్కువ. అదీ చాలావరకు ప్రోబ్ అడ్డుతగిలినా బలవంతంగా నెట్టినప్పుడో, దాని కొస వంచే చక్రం లాక్ తీయకుండా కదిపినప్పుడో. అందుకే మింగుడు పడటం కష్టమా, రక్తం కక్కారా, లివర్ జబ్బుందా అన్నవి వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పండి. అడ్డపొగ (చుట్ట మండే కొస నోట్లో పెట్టి తాగడం) అలవాటుంటే అంగిట్లో పుండ్లు, గుట్కా అలవాటుంటే నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం కూడా. కదిలే పళ్లు, కట్టుడు పళ్లు సరేసరి. వార్ఫరిన్ వాడుతుంటే మీ అంతట మీరు ఆపకండి.

ఆరు గంటల ముందు నుంచి తిండి వద్దు, రెండు గంటల ముందు నుంచి నీళ్లూ వద్దు. ఎక్కువగా తప్పేది ఇక్కడే. అంబలి పల్చగా ఉందని తాగించేస్తారు, రైల్లో పాల టీ ఇప్పిస్తారు. రెండూ తిండి కిందే లెక్క. మత్తులో వాంతైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఎడమపక్కకు పడుకోబెట్టి, గొంతులో లిగ్నోకెయిన్ స్ప్రే కొట్టి, పళ్ల మధ్య గార్డు పెడతారు. మత్తుకి మిడజోలం ఒకటి రెండు మిల్లీగ్రాములు చొప్పున మెల్లగా ఎక్కిస్తారు. ఆక్సిజన్, సక్షన్ దగ్గరుండాలి. ప్రోబ్ పట్టుకున్నాయన కాక, శాచ్యురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం), బీపీ చూడ్డానికే ఇంకో మనిషి ఉండాలి.

తర్వాత గొంతు తిమ్మిరి వదిలేదాకా, గంటో రెండు గంటలో ఏమీ పెట్టకండి. మొదట ఒక గుక్క చల్లని నీళ్లు, దగ్గు రాకపోతేనే మిగతావి. ఒకరోజు గొంతునొప్పి మామూలే. ఛాతీలో నొప్పి, జ్వరం, మెడ వాపు, మింగలేకపోవడం వస్తే మాత్రం రాయగడ రైలెక్కకుండా నేరుగా ఆస్పత్రికే తిరిగెళ్లండి.