అడుగున తారు కొట్టిస్తే చాలా?

ప్రశ్న: మా నాన్నగారి 1978 ప్రీమియర్ పద్మిని కారుకి టింకరింగ్ చేయించి, పైన రంగు కూడా వేయించాను. అడుగున మందంగా నల్ల తారు కొట్టేస్తే ఇక చూసుకోనక్కర్లేదని పెయింటర్ అంటున్నాడు. మేముండేది భీమిలిలో, సముద్రం పక్కనే. కొట్టించమంటారా?

జవాబు: వద్దండీ. ఆ మాట నమ్మి నా అంబాసిడర్‌కి అలాగే కొట్టించాను. రెండు వానాకాలాలు నిగనిగలాడింది. మూడో ఏడు డ్రైవర్ సీటు కింద స్క్రూడ్రైవర్ పిడితో తడితే డొల్లగా మోగింది. గోటితో గీకితే తారు అట్టులా ఊడొచ్చింది, వెనకున్న రేకు కాల్చిన అప్పడంలా చేతిలో పొడైపోయింది. తారు ఎండి బీటలిస్తే నీళ్లు లోపలికి దూరతాయి, బయటికి రావు. పైకేమో నల్లగా బాగానే ఉంటుంది.

పైగా పద్మినికి లారీలా విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగ్గా ఉండే డొల్ల భాగాలు తుప్పు పడితే బండి నడుం విరిగినట్టే.

పైరంగు ముందే వేయించేశారు, అసలు వరస అది కాదు. సరే, పక్కలు కాగితాలతో కప్పించండి. అడుగున పాత పూతంతా గీకించి, వైర్ బ్రష్ కొట్టించి, మంచినీళ్లతో ఉప్పు పోయేలా కడిగించి పూర్తిగా ఆరనివ్వండి. ఆరగానే ఆ రోజే గట్టిపడటానికి హార్డెనర్ కలిపే ఎపాక్సీ ప్రైమర్ (రేకుకి అంటిపెట్టుకునే మొదటి పూత) రెండు పల్చటి కోట్లు పడాలి. మీ ఊరి గాలికి ఉత్త రేకు రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ముసురు పట్టిన రోజు మాత్రం పని పెట్టుకోకండి. తర్వాత అతుకుల్లో నీళ్లు దూరకుండా సీలర్, చక్రాల గూళ్లలో రాళ్ల దెబ్బకు ఆగే రబ్బరు పూత. మిగతా అడుగుకి నేనైతే లేత బూడిద రంగు వేస్తాను. తుప్పు మొదలైతే ఎర్రగా ఇట్టే కనబడుతుంది.

బ్రేక్ గొట్టాలు, రబ్బరు బుష్షులు, సైలెన్సర్, వెనక చక్రాలను తిప్పే పొడుగు కడ్డీ (ప్రొపెల్లర్ షాఫ్ట్) మీద ఏ పూతా పడనివ్వకండి. షాఫ్ట్‌కి ఒక పక్క మందంగా అంటుకుంటే బండి వణుకుతుంది. కాలిన ఇంజన్ ఆయిల్ కొడతామని ఎవరైనా అంటే దండం పెట్టేయండి, రబ్బరంతా ఉబ్బిపోతుంది.

డొల్ల భాగాల్లోకి పొడుగు నాజిల్‌తో మైనం పూత కొట్టించడం మరవకండి. కొట్టాక కింద నీళ్లు కారే రంధ్రాల్లో సైకిల్ చువ్వ పెట్టి చూడండి. పెయింటర్లు వాటిని అలవాటుగా మూసేస్తుంటారు.

బీచ్ రోడ్డు తిరిగొచ్చినప్పుడల్లా పైపు పెట్టి అడుగు కడగండి. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మాత్రం కుళాయి నీళ్లే వాడండి.